ఎడమవైపు నుంచి కొండగంట

ఆ ఉదయం అట్టల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం భోజనాల దగ్గర కూతురు ఫోనులోంచి తల ఎత్తే క్షణం కోసం కాచుకుని, ఆమెకు నచ్చే మాట ఒకటి ఆడాలి. అంతకు మించిన ఆశ ఆయనకు లేదు. కాలేజీలో చేరినప్పటి నుంచి ఆ పిల్ల ఇంట్లో పలికే పలుకులు "ఊఁ", "ఉహూఁ", "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు నాన్నా". ఆ చివరిదే ఆయనకు కాస్త ఊరట. అందులో కనీసం "నాన్నా" ఉంది.

ఆమెకు ఇష్టమైనదేమిటో ఇంటి గోడలకు కూడా తెలుసు. "కొండగంట" అనే యానిమే, దూరదేశపు బొమ్మల సీరీస్. దానికి మూలం అదే పేరుతో వచ్చిన మాంగా, అంటే బొమ్మల్లో గీసి చెప్పిన నవల. కూతురు సీరీస్ చూసినంతసేపూ చూసి, ఆపైన స్నేహితులకు ఫోను చేసి ఒకటే పాట పాడేది: "సీరీస్‌లో ఏముందే! పుస్తకం ముందు దిగదుడుపు. కథ మొత్తం మార్చి పారేశారు."

ఆ పుస్తకం మాస్టారి పనిబల్ల మీదే ఉంది. ఆయన గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు వేస్తారు. ఎవరికీ ఏనాడూ పాఠం చెప్పకపోయినా, కొత్త పుస్తకాన్ని ఎలా విప్పితే వెన్ను విరగదో అధికారులకు సైతం నేర్పిన మనిషి కాబట్టి మాస్టారయ్యారు. కొత్త పుస్తకం రాగానే పారదర్శకపు తొడుగు తొడిగి, వెన్ను మీద సంఖ్య అంటించి, మొదటి పుటలో, పుస్తకం ఇంటికి ఇచ్చినప్పుడల్లా ముద్ర వేసే తేదీ చీటీ అతికించడం ఆయన పని. ఆ అతుకులో గాలిబుడగ కనిపించిందని చెప్పినవారు ఇంకా పుట్టలేదు.

అయితే కొండగంట పుట్టిన దేశంలో పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదువుతారు. మనకు చివరి పుట అయినది వారికి మొదటిది. అనువాదం అచ్చువేసినవారు మనలాంటివారి మీద జాలిపడి, మన చేతికి ముందుగా తగిలే పుటలో పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక వేశారు: ఆగండి, ఇది కథకు చివర, దయచేసి పుస్తకాన్ని తిప్పండి. చీటీ అతికించడానికి అంతకన్నా అనువైన పుట మాస్టారికి కనబడలేదు. అతికించే పుటను చదివే అలవాటు ఆయనకు లేదు. చదువుతూ కూర్చుంటే జిగురు ఆరిపోతుంది.

ఆ మధ్యాహ్నం అన్నం తిని, చేతులు కడుక్కుని, కుంచె నీళ్ళలో పెట్టి, ఎడమవైపు నుంచి ఆయన చదవడం మొదలుపెట్టారు.

మొదట్లో కొంచెం తికమకపడ్డారు. ఆ తరువాత ముగ్ధులయ్యారు. కొండ మీద గంట మోగుతూ ఉండగా కథ మొదలైంది. కత్తి పట్టిన పిల్ల ఆ గంటను దించి, భుజాన మోసుకుని, ఎంతో దూరం నడిచి, ఒంటికన్ను రాక్షసుడి చేతిలో పెట్టింది. పెట్టగానే వాడి గాయాలన్నీ మానిపోయాయి. దారిలో ఒక సమాధి దగ్గర ఆమె ఏడిస్తే, ఆ కన్నీళ్ళకు లోపలున్న గురువు లేచి కూర్చున్నాడు. పోనుపోను పిల్ల చిన్నదైంది, చేతిలో కత్తి పోయి బొమ్మ వచ్చింది, చివరికి అమ్మ ఒడిలో నిద్రపోయింది. ఆ తరువాతి పుటలో రచయిత పేరు. తన పేరును అందరికన్నా వెనుక వేసుకున్న ఆ వినయానికి మాస్టారు మనసులోనే నమస్కరించారు. ఇందులో మనుషులు ముందు జవాబు చెప్పి ఆ తరువాతే ప్రశ్న అడుగుతున్నారు. ఎదుటివారిని ఎదురుచూడనివ్వని ఆ మర్యాద ఏ దేశపుదో గాని గొప్పది. పుటల సంఖ్యలు కూడా, చదివేవారికి ఇంకెంత మిగిలిందో చెబుతూ, ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి.

సాయంత్రం భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నారు.

"అమ్మడూ, కొండగంట చదివానే."

ఫోను కిందకు దిగింది. "నువ్వా? మాంగానా?"

"మాంగానే. మీ సీరీస్‌లో ఆ పిల్ల రాక్షసుణ్ణి నరికి గంట లాక్కుంటుందా?"

"అవును, ఆఖరి ఎపిసోడ్. అయితే?"

"పుస్తకంలో లాక్కోదమ్మా. తనే తీసుకెళ్ళి ఇచ్చేస్తుంది."

"ఇచ్చేస్తుందా?" అన్నది కూతురు. మరుక్షణమే సర్దుకున్నది. "అదే... ఇచ్చేస్తుంది కదా. అందుకేగా నేను పుస్తకమే గొప్పదని మొత్తుకునేది! ఇంకా చెప్పు నాన్నా. అంటే, నీకేం అర్థమైందో చూద్దామని."

"ఏవండీ, ఆ పిల్లతో మాట్లాడుతూ చేయి కూరలో కాకుండా నీళ్ళలో పెట్టారు," అన్నది భార్య.

ఆయనకు వినబడలేదు. గురువు లేచిన వైనం చెప్పారు, గాయాలు మానిన తీరు చెప్పారు. కూతురు గడ్డం కింద చేయి పెట్టుకుని వింటూ కూర్చుంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళమని ఆ రోజు ఆమె అనలేదు.

మర్నాటికి ఆ కథ ఆమె స్నేహితులందరికీ చేరింది. వారిలో పెద్దరికం కళ్ళజోడు అమ్మాయిది. ఏ సీరీస్ గురించి అడిగినా "పుస్తకం చదివితే తెలుస్తుంది" అనడం ఆమె పద్ధతి. "గురువు లేచే చోటా?" అన్నదామె, జోడు పైకి తోసుకుంటూ. "నేను అక్కడ వెక్కి వెక్కి ఏడ్చాను తల్లీ." ఆమె ఏడ్చినచోట తాము ఏడవకపోతే ఏం బాగుంటుందని తక్కినవారూ ఏడ్చామన్నారు. సీరీస్ తీసినవారు ఇంత చల్లటి కథలో కత్తులు దూర్చినందుకు అందరికీ ఒళ్ళు మండింది. ఆ మంట గ్రంథాలయం దాకా పాకింది.

గ్రంథపాలకురాలు స్వయంగా అట్టల గదికి వచ్చారు.

"మాస్టారూ, సెలవురోజున సభ పెడుతున్నాం. మాంగాకు, యానిమేకు పోలిక. మీరే మాట్లాడాలి."

"నాకు అతికించడమే వచ్చమ్మా. మాట్లాడటం ఎక్కడొచ్చు?"

"అలా అంటే కుదరదు. నేనూ చదివానుగా. ఆ గంట తిరిగిచ్చే ఘట్టం... అబ్బ! రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను."

మాస్టారు పుస్తకం తెరిచి తేదీ చీటీ వంక చూశారు. తెల్లగా, ముద్ర అన్నది లేకుండా మెరుస్తున్నది. పెద్ద ఉద్యోగస్తులు కదా, ముద్ర వేయకుండానే చదివి ఉంటారని గౌరవంగా సరిపెట్టుకున్నారు.

అక్కడి నుంచి వ్యవహారం ఆయన చేయి దాటిపోయింది. గ్రంథాలయపు తలుపు మీద "మూలకథకు జరిగిన అన్యాయం" అన్న ప్రకటన వెలిసింది. సీరీస్ నిర్మాతలు పుస్తకంలో ఉన్నట్టుగా మళ్ళీ తీయాలని వినతిపత్రం ఒకటి తయారైంది. సభ ముగిశాక అందరూ సంతకాలు చేయాలి. మొదటి సంతకం మాస్టారిది. ఇంట్లో భార్య ఆయన చొక్కాను ఇస్త్రీ చేసి, నచ్చక మళ్ళీ చేసింది.

"జిగురు మరకలున్న చొక్కానే నయమేమో," అన్నారు ఆయన.

"మీరు ఊరుకోండి. ఇన్నాళ్ళకు ఆ పిల్ల 'మా నాన్న' అని నలుగురిలో చెప్పుకుంటోంది. పాడుచేశారో, మళ్ళీ తలుపు మూసుకుంటుంది."

ఆ ముక్క ఆయన గుండెలో గుచ్చుకున్నది. బయలుదేరేటప్పుడు కూతురు కూడా ఆయన చేయి పట్టుకుని, "నాన్నా, మా వాళ్ళందరూ వస్తున్నారు. నేను ముందు వరుసలోనే ఉంటా. నా పరువంతా నీ చేతిలో ఉంది" అన్నది. చేయి పట్టుకుని మరీ అన్నది. దానికోసం ఆయన నిర్మాతలనే కాదు, ఒంటికన్ను రాక్షసుణ్ణయినా ఎదుర్కొని ఉండేవారు.

చదువుకునే గదిలో బల్లలు గోడవారకు జరిపి కుర్చీలు వేశారు. గోడను తెరగా చేసి, ఒక సగాన పుస్తకపు పుట, మరో సగాన సీరీస్ పక్కపక్కన పడేలా గ్రంథపాలకురాలు ఏర్పాటు చేశారు. మాస్టారు లేచి పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

"ముందుగా పుస్తకం ముగింపు చూడండి," అని చివరి బొమ్మను తెర మీదకు తెచ్చారు. "పాప అమ్మ ఒడిలో నిద్రపోతోంది. పగలన్నీ చల్లారిపోయాయి. ఇప్పుడు సీరీస్ ఎలా మొదలుపెట్టారో చూడండి."

సీరీస్ మొదలైంది. పాప అమ్మ ఒడిలో నిద్రపోతోంది. అదే ఒడి, అదే దుప్పటి, దుప్పటి అంచున అదే చిరుగు.

"చూశారా! ముగింపును పట్టుకొచ్చి మొదట్లో పెట్టేశారు."

"అన్యాయం!" అన్నది కళ్ళజోడు అమ్మాయి. చప్పట్లు మోగాయి. కూతురు వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూసుకుని మురిసిపోయింది.

తెర మీద పాప నిద్రలేచి కిటికీ దగ్గరకు పరుగెత్తింది. "ఆ బొమ్మ పుస్తకంలో ఎక్కడుందో కూడా చూపించండి మాస్టారూ," అన్నారు గ్రంథపాలకురాలు. అది ఒక్క పుట వెనుక ఉంది. చూపించారు. కిటికీలోంచి రాక్షసుడి నీడ పడింది. అది ఇంకొక్క పుట వెనుక ఉంది. గంట మాయమైంది, మరో పుట వెనుక. గురువు వచ్చాడు, ఇంకా వెనుక. తెర ముందుకు నడుస్తున్నది, ఆయన వేళ్ళు వెనక్కి నడుస్తున్నాయి. తెర ముందుకు, వేళ్ళు వెనక్కి. ఎక్కడా ఒక్క బొమ్మ తప్పలేదు, ఒక్క గీత మారలేదు.

మాస్టారి వేళ్ళు ఆగిపోయాయి. ఎన్నో ఏళ్ళుగా పుస్తకాల వెన్నులు నిమిరిన వేళ్ళవి. ఆయన బుర్రకన్నా ముందు వాటికే సంగతి తెలిసింది. మెల్లగా పుస్తకం మూసి, తిప్పి, అటువైపు నుంచి తెరిచారు. రచయిత పేరు, దాని వెంట ఒకటో పుట వినయంగా ఎదురయ్యాయి.

గది ఆయన వైపే చూస్తున్నది. ముందు వరుసలో కూతురు కళ్ళు వెలుగుతున్నాయి. ఏదో ఒకటి అని గట్టెక్కవచ్చు. వినతిపత్రం మీద సంతకం గీకి, చప్పట్లతో ఇంటికి పోవచ్చు. కాని ఆ పిల్ల నలుగురిలో "మా నాన్న" అన్నది. ఆ నాన్న తెలిసి తెలిసి అబద్ధమాడితే ఎలా?

"అమ్మా, అయ్యా," అన్నారు. "సీరీస్ వాళ్ళ తప్పేం లేదు. తప్పు నాది. నేనీ పుస్తకాన్ని చివర్నుంచి మొదటికి చదివాను."

కుర్చీ ఒక్కటి కిర్రుమనలేదు. ఎవరైనా నవ్వుతారేమోనని ఆయన తల వంచుకుని ఎదురుచూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే పుస్తకం చదివి ఉండాలి. చదివినవారు ఇన్నాళ్ళూ తల ఎందుకు ఊపినట్టు?

కళ్ళజోడు అమ్మాయి అందరికన్నా ముందు తేరుకున్నది. "నిజం చెప్పాలంటే... నేను కూడా అటునుంచే చదివానండీ."

"నేనూ అటునుంచే," అన్నారు గ్రంథపాలకురాలు వెంటనే. "మొదలు అటే ఉందనుకున్నాను."

"మేమూ అంతే!" "మా ఇంట్లో అందరం అటే!" అంటూ వరుసలకు వరుసలే లేచాయి. ఒక్క ముద్ర కూడా పడని పుస్తకాన్ని గదికి గదే తిరగేసి చదివేసినట్టు తేలింది. వినతిపత్రం నాలుగు మడతలై గ్రంథపాలకురాలి చేతిసంచిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు ముందు వరుసలో కూతురు లేచింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను చదవలేదు," అన్నది. "ఎటునుంచీ చదవలేదు. పుస్తకమే గొప్పదంటే గొప్పగా ఉంటుందని అన్నా, అంతే. ఈ గదిలో చదివింది మా నాన్న ఒక్కడే. తిరగేసో మరగేసో, మొత్తం చదివాడు."

ఈసారి కుర్చీలు చాలానే కిర్రుమన్నాయి. కళ్ళజోడు అమ్మాయి జోడు తీసి, మరకేమీ లేకపోయినా, చాలాసేపు తుడుచుకుంది.

తండ్రీ కూతుళ్ళు ఇంటిదారి పట్టారు. వీధి మలుపు దగ్గర ఆయనే అన్నారు, "పరువు తీశానే అమ్మడూ."

"నువ్వు తీసింది సగమే నాన్నా. మిగతా సగం నేను లేచి తీశా." ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి ఆయనకూ ఆగలేదు. "పద, ఇంటికెళ్ళి సరిగ్గా చదువుదాం. నువ్వు పట్టుకో, నేను తిప్పుతా."

ఇద్దరూ పుస్తకం కోసం గ్రంథాలయానికి వెనక్కి తిరిగారు. ఆ సాయంత్రమే ఆ చీటీ మీద మొదటి ముద్ర కూతురి పేరున పడింది. ఇద్దరూ భోజనాల బల్ల మీద పుస్తకం పరిచి, కుడి నుంచి ఎడమకు, భుజం భుజం రాసుకుంటూ చదివారు. సీరీస్‌లో ఉన్నదే పుస్తకంలోనూ ఉంది. రాక్షసుడు గంట ఎత్తుకుపోయాడు, పిల్ల కత్తి పట్టింది. సగం దాటాక గురువు కన్నుమూశాడు.

"అయ్యో, పోయాడే!" అన్నారు మాస్టారు. "మొన్న ఎంత చక్కగా లేచి కూర్చున్నాడు!"

"పాపం రాక్షసుడు కూడా," అన్నది కూతురు. "నువ్వు చెప్పినప్పుడు గాయాలన్నీ మానిపోయాయి."

"అన్నాలు తింటారా, ఆ పుస్తకాన్నే నంజుకుంటారా?" అని భార్య వంటగదిలోంచి అడిగింది. ఇద్దరూ ఆఖరి పుట దాకా చదివి, పుస్తకం మూసి, చాలాసేపు దిగులుగా కూర్చున్నారు.

కొండగంటను సరైన వైపు నుంచి చదివిన ఆ మొదటి ఇద్దరు పాఠకులూ బాగా ఆలోచించి తేల్చిందేమిటంటే, అంత మంచి కథను రచయితే పాడుచేశాడు.