ఎడమపక్క పడిపోయింది

ఆ ఆదివారం పొద్దున్నే అత్తగారు సుమీరానీ, బావమరిది వాస్కితోనీ కారెక్కించుకుని లావాంగ్ వెళ్ళాలని విగ్న్యో అనుకున్నాడు. వాస్కితోకి పిల్లనడగడానికి ప్రయాణం. ఆడపెళ్ళివారు నాలుగు నెలలుగా అవుననీ కాదనీ తేల్చడం లేదు. పిల్లనడిగేటప్పుడు ఇచ్చే అరటి గెల, బెల్లం వేసిన బంకన్నం మిఠాయి వసారాలో సిద్ధంగా ఉన్నాయి.

తీరా చూస్తే కారు ఎడమవైపుకి ఒరిగి ఉంది. విగ్న్యో కంగారుగా మెకానిక్ జారోత్‌కి ఫోన్ చేశాడు.

"జారోత్ అన్నా, ఎడమపక్క పడిపోయింది! నిన్నటిదాకా బాగానే ఉంది. గాలా? చూశాను, బాగానే ఉంది. నొక్కితే మూలుగుతోంది. అవునులే, పాతదైపోయింది, ఇంకెన్నాళ్ళని లాగుతుంది!"

గోడవతల బట్టలారేస్తున్న పొరుగింటి యాయుక్ చేతిలోని క్లిప్పు జారిపోయింది. 'అయ్యో, సుమీరమ్మకి పక్షవాతం!' అనుకుంది. ముందు వీధికంతా చెప్పింది. తర్వాత, పాపం ఎదురుచూస్తుంటారని, లావాంగ్‌లో ఆడపెళ్ళివారికీ ఫోన్ చేసింది.

జారోత్ వచ్చి, కారుని చదునైన నేల మీదికి తోయించి, చక్రం నడుమ నుంచి దాని పైనున్న రేకు అంచుదాకా రెండు పక్కలా దారంతో కొలుస్తుండగా జనం రావడం మొదలైంది. ఒకామె నారింజలు తెచ్చింది, ఒకామె గంజి తెచ్చింది, ముగ్గురు తైలం సీసాలతో తిన్నగా లోపలికి పోయారు. స్నానం చేసి జడ వేసుకుంటున్న సుమీరా ఎడమచేయి ఒకరి చేతికి చిక్కింది.

"కాస్త ఎత్తమ్మా, మెల్లిగా..."

ఆవిడ ఎత్తింది. ఆ ఎత్తిన ఊపుకి తైలం సీసా గోడకి తగిలి పగిలింది.

"అల్లుడూ! ఏమిటయ్యా ఈ గోల? నన్నెందుకు పిసుకుతున్నారు వీళ్ళు?"

ఫోన్లో తనన్న మాట కారు గురించని విగ్న్యో వివరిస్తుండగానే గుమ్మం ముందు వ్యాను ఆగింది. పెళ్ళికూతురి తల్లి కళ్ళు తుడుచుకుంటూ దిగింది. సంబంధం కాస్తా పోయిందనుకున్నాడు విగ్న్యో.

"వదినా, నడుస్తున్నావే!" అందావిడ తెల్లబోయి.

"నేను పరిగెడతాను కూడా. పడిపోయింది కారట."

"అదీ పడలేదు," అన్నాడు జారోత్ దారం చూపిస్తూ. "ఎడమది ఉండాల్సిన చోటే ఉంది. కుడిదే లేచింది. కుడి స్ప్రింగు ఎవరు మార్చారు?"

"నేనే, నిన్న సాయంత్రం," అన్నాడు విగ్న్యో నీళ్ళు నములుతూ. "విరిగింది అదొక్కటే కదా అని..."

"పాతదాని పక్కన కొత్తది పెడితే ఎత్తుగానే నిలబడుతుంది. స్ప్రింగులు జంటగా మార్చాలయ్యా."

అందరికంటే ముందు నవ్వింది పెళ్ళికూతురి తల్లే. వసారా నిండా ఉన్న గిన్నెల్నీ, మనుషుల్నీ కాసేపు చూసింది.

"కొత్త ఊళ్ళో మా పిల్లకి ఎవరున్నారని ఇన్నాళ్ళూ వెనకాడాం, వదినా. ఒంట్లో బాగాలేదంటే వీధంతా కదిలొచ్చింది. ఇంక ఆలోచించేదేముంది?"

అరటి గెల అక్కడే చేతులు మారింది. వాస్కితో సిగ్గుతో తలెత్తలేదు. యాయుక్ మాత్రం అందరికీ మిఠాయి పంచుతూ అంతా తన చలవే అన్నట్టు తిరిగింది.

ఎడమ స్ప్రింగు కొనడానికి విగ్న్యో వియ్యాలవారి వ్యానులో వెళ్ళాడు.