గాలి తీసిన బాలీసు

మేడ మీద నిలబడి హార్బరులోని ఓడల పేర్లు పైకి చదివితే తప్ప భీమశంకరరావుకు పొద్దుటి కాఫీ గొంతు దిగదు. పోర్టులో ముప్ఫై ఏళ్ళు లారీల బరువు తూచి రిటైరైన మనిషి. కిలోమీటరు దూరాన ఉన్న ఓడ పేరు కళ్ళజోడు లేకుండా చదివేస్తాడు. చేతిలో ఉన్న కరెంటు బిల్లు మాత్రం కళ్ళజోడు ఉంటేనే కనిపిస్తుంది, ఆ కళ్ళజోడేమో ఎప్పుడూ కనిపించదు.

“ఎం.వి. తరంగమాల! నిన్నటి నుంచి ఇక్కడే తగలడింది,” అని ఆ రోజు కూడా ప్రకటించాడు. ఓడల పేర్లు వినడం కామేశ్వరి పెళ్ళయిన రెండో ఏడే మానేసింది.

“అది ఎప్పుడు పోతే మనకేంటండీ? ముందు మన పార్సిల్ సంగతి చూడండి. పన్నెండు దాటిందా, నా కొట్టు మూతే!” అంది కింద నుంచి.

ఆవిడ కొట్టు విశాఖపట్నం వన్ టౌన్ సందులో లేదు, సెల్‌ఫోన్‌లో ఉంది. మూడేళ్ళుగా బూరుగు దూదితో దిండ్లు కుట్టి ఆన్‌లైన్లో అమ్ముతోంది. ఇన్నాళ్ళకు మొదటిసారి సముద్రం అవతలి నుంచి, సింగపూరు అడ్రసుతో ఆర్డరు వచ్చింది. ఒక బాలీసు కావాలట. అంటే మనిషి కాలు వేసుకుని పడుకునే పొడుగాటి గుండ్రటి దిండు. ఈ మధ్యాహ్నం పన్నెండులోగా అది బయల్దేరకపోతే ఆర్డరు రద్దు. విదేశాలకు అమ్మేవాళ్ళ జాబితాలోంచి ఆవిడ పేరు కూడా గల్లంతు.

పంపడానికి ఎంతవుతుందని ఆవిడ అడిగిన నాడు భీమశంకరరావు బాలీసును కాటా మీద పెట్టి, “మూడు కిలోలు. పదిహేను వందలు చాలు. తూకం విషయంలో నాతోనా?” అన్నాడు. ఆవిడ అదే రాసింది. కొన్నాయన అదే కట్టాడు. తీరా నిన్న కొరియర్ ఆఫీసులో అడిగితే, విదేశీ పార్సిల్‌కు బరువొక్కటే కాదు, విమానంలో అది ఆక్రమించే చోటు కూడా లెక్కే, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి కట్టాలన్నారు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, అయిదు వేలతో భాగించేసరికి మూడు కిలోల బాలీసు పదహారు కిలోలై కూర్చుంది. ఎనిమిది వేలట! బరువు పెరిగింది, భర్తగారి పరువు తరిగింది. కొలతతో మొదలైంది కలత.

“దూదికైతే ఇవ్వొచ్చు. గాలికి కూడా డబ్బులేంటే?” అని రాత్రి నుంచి గింజుకుంటున్న భీమశంకరరావు, కాఫీ గ్లాసు కింద పెట్టేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. “అయితే ఆ గాలే తీసేద్దాం!”

రిటైర్మెంటు రోజున తోటి ఉద్యోగులిచ్చిన వ్యాక్యూమ్ క్లీనరుకు ఏడేళ్ళ తర్వాత ఉద్యోగం దొరికింది. పరుపులు దాచే ప్లాస్టిక్ సంచిలో బాలీసును దూర్చి, మూతి బిగించి, గొట్టం పెట్టి పీల్చగానే, బొద్దుగా ఉన్న బాలీసు కాస్తా అప్పడమైపోయింది. కామేశ్వరి దాని మీద గుడ్డ చుట్టి చకచకా కుట్టేసి, అడ్రసు చీటీ అంటించింది. ఆయన ఆవిడ ఫోనులోనే కొత్త కొలతలు గుణించడం మొదలెట్టాడు. మధ్యలో ఫోను “టింగ్” అంది. అంకెలకు అడ్డొచ్చిన ఆ సన్నక్షరాలను వేలితో పక్కకు తోశాడు. మళ్ళీ “టింగ్”. మళ్ళీ తోశాడు.

“ఏవండీ, అదేదో మెసేజీ...”

“లెక్కలో ఉన్నప్పుడు లక్ష్మీదేవి పిలిచినా పలకను! ఇదిగో, నాలుగు కిలోల మూడొందలు. ఘనపరిమాణాన్ని గెలిచిన ఘనుణ్ణి చూడు!”

ఫోను ఇంకోసారి “టింగ్” అంది. ఘనుడు దాన్నీ తోసేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కస్టమ్స్ వాళ్ళ కాగితం ఒకటి పార్సిల్‌కు తగిలించాలి. జిగురు అయిపోయింది. ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి తూకం చీటీకి గుండుసూది గుచ్చిన ఆ చెయ్యి, యజమానిని అడక్కుండానే జేబులోకి వెళ్ళి, ఓ గుండుసూదిని తీసి, కాగితాన్ని పార్సిల్‌కు కసుక్కున గుచ్చేసింది. గాలికి దారి చూపింది సూది, ఆ దారినే ఊపిరి పీల్చుకుంది దూది.

సింహాద్రి ఆటో రెండు సందులు దాటిందో లేదో, వెనక సీట్లోంచి “స్స్స్” మని సన్నగా చప్పుడు.

“నీ టైరు లీకయినట్టుంది సింహాద్రీ.”

“నా టైర్లు కొత్తవి బావా. నీ ఒళ్ళో ఉన్నదే కూత పెడతంది,” అన్నాడు సింహాద్రి. ఊళ్ళో మగాళ్ళందరూ అతనికి బావలే.

కామేశ్వరి ఆయన ఒళ్ళోకి తొంగి చూసింది. “ఏవండీ, పొంగుతోందండీ!”

“పొంగడానికి అదేమైనా పాలా?” అంటుండగానే మొదటి కుట్టు పుటుక్కుమంది. భీమశంకరరావు బాలీసును సీటు మీద పడేసి దాని మీద కూర్చున్నాడు. అది ఇంకో మూల పొంగింది. “చూస్తావేం, నువ్వూ కూర్చో!” ఆవిడా కూర్చుంది. ఎదర లారీ అడ్డం తిరిగి ఆటో పావుగంట ఆగింది. ఆటో ఆగింది గానీ బాలీసు ఆగలేదు.

“ఏటి బావా, పైకి లేత్తన్నావ్? తల వంచు, టాపు సిరిగిపోద్ది!”

“నేను లేవట్లేదురా, అదే లేపుతోంది!”

కొరియర్ ఆఫీసుకు చేరేసరికి పదకొండూ నలభై. కౌంటరులో శ్రీసత్య అనే అమ్మాయి పార్సిల్‌ను కాటా మీద పెట్టించి, టేపుతో కొలిచి చూసింది.

“సార్, ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లని రాశారు. పద్ధెనిమిది ఉంది.”

“సరిగ్గా కొలువమ్మా.”

కొలిచింది. “ఇరవై రెండు.”

“మళ్ళీ కొలువమ్మా!”

“వద్దు సార్. కొలిచేకొద్దీ మీకే నష్టం.”

భీమశంకరరావు ఒక్క గెంతులో కాటా ఎక్కి, బాలీసు మీద బోర్లా పడుకున్నాడు. రెండో కొసను కామేశ్వరి మోచేతులతో అదిమింది. “ఇప్పుడు! ఇప్పుడు కొలువు!”

“మీరిద్దరూ కూడా సింగపూర్ వెళ్తారా సార్?” అంది శ్రీసత్య కాటా వంక చూస్తూ. “తొంభై ఆరు కిలోలు చూపిస్తోంది.”

లైన్లో ఉన్నవాళ్ళందరూ ఘొల్లుమన్నారు. కామేశ్వరి నవ్వలేదు. గోడ గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది. “మూడేళ్ళు సూది పట్టానండీ,” అంది మెల్లగా. “నష్టమొచ్చినా సరే, ఈ ఆర్డరు పోకూడదు. ఎనిమిది వేలూ నేనే కడతాను. రాసెయ్యమ్మా.” పర్సు తీసింది. బాలీసు మీద పడుకున్న భీమశంకరరావుకు తన గాలి కూడా ఎవరో గొట్టం పెట్టి లాగేసినట్టయింది.

“అడ్రసు చదువుతాను, సరిచూసుకోండి,” అంది శ్రీసత్య. “దేవీప్రసాద్ గారు, సెకండ్ ఇంజినీరు, ఎం.వి. తరంగమాల, కేరాఫ్ ఓడ ఏజెంటు, సింగపూర్...”

భీమశంకరరావు బాలీసు మీంచి జారి కింద పడ్డాడు. “ఏ ఓడమ్మా?”

“తరంగమాల.”

“అది సింగపూర్లో ఎక్కడుంది? పొద్దున్నే కాఫీలో చూశాను!”

“కాఫీలో ఓడేంటి సార్?”

కామేశ్వరి ఆయన జేబులోంచి ఫోను లాక్కుంది. తోసేసిన మూడు మెసేజీలూ బుద్ధిగా వరసలో కూర్చుని ఉన్నాయి. ‘అమ్మా, మా ఓడని దారి మార్చి విశాఖపట్నం తెచ్చేశారు.’ ‘పార్సిల్ పంపకండి, నేనే తీసుకుంటాను.’ ‘మధ్యాహ్నం దాకా పోర్టు గేటు దగ్గర ఉంటాను.’ ఆవిడ వెంటనే ఫోన్ చేసి సంగతి చెప్పింది. “బయల్దేరండమ్మా, అందిందని ఇప్పుడే నొక్కేత్తన్నాను,” అంది అవతలి గొంతు. పదకొండూ యాభై ఎనిమిదికి ఫోను “టింగ్” అంది. ఈసారి దాన్ని ఎవరూ తోయలేదు. ఆర్డరు నిలిచింది. ఓడ గెలిపించింది, ఓడ పేర్లు చదివినాయన ఓడాడు.

పోర్టు గేటు దగ్గర దేవీప్రసాద్, చిన్నప్పుడు విడిపోయిన తమ్ముణ్ణి చూసినట్టు బాలీసును కావలించుకున్నాడు. తగరపువలస మనిషి. ఓడలో స్పాంజి దిండు మీద మెడ పట్టేస్తోందట.

“ఇలా బొద్దుగా ఉంటేనే నాకు నిద్దరమ్మా. గాలి గానీ తీసేత్తే దూది ఉండలు కట్టేత్తాది. మావోళ్ళకి ఇంకో నాలుగు కుట్టండి, వచ్చే ట్రిప్పులో పట్టుకెల్తాను.”

“గాలి తియ్యడమా? అలాంటి పాడుపని ఎవరు చేస్తారు బాబూ!” అన్నాడు భీమశంకరరావు, గుడ్డకున్న గుండుసూదిని చప్పుడు కాకుండా పీకి జేబులో వేసుకుంటూ. కామేశ్వరి ఆ జేబు వైపే చూసింది.

ఇంటి ముందు ఆటో దిగి, “ఎంత?” అన్నాడు.

“మూడొందలు బావా.”

“మూడొందలా! ఇద్దరు మనుషులం, మూడు కిలోల దిండు!”

“బరువుతో నాకేటి పని? ముగ్గురి సోటు తినేసింది గదా. సోటుకే లెక్క.”

తూకం మనిషి మూడొందలూ తు.చ. తప్పకుండా చెల్లించాడు.