నోవహు పిస్తోలు పేలుస్తారా, దాస్తారా?

చోడవరం శాసనసభ్యులు శ్రీ బంగార్రాజు గారు ఒక గొప్ప ప్రకటన చేశారు. ఈ నియోజకవర్గంలో అలాంటి ప్రకటన ఇంతకుముందు ఎవరూ చేయలేదు. ఎందుకు చేయలేదో నాకు తెలియదు. అవసరం పడి ఉండదు.

ఆగస్టు పదిహేనున చోడవరం నుంచి గోవాడ వరకు రెండు వేల మంది యువతీ యువకులు మహా పరుగు తీస్తారని, నూట పాతికేళ్ల చరిత్ర గల పిస్తోలును స్వహస్తాలతో పేల్చి ఆ పరుగును తామే ప్రారంభిస్తామని, ఆ మోతకు పేదరికం గోవాడ దాటి పారిపోతుందని వారు మైకులో సెలవిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ పిస్తోలు నాది.

నాది అంటే మా ఇంటాయన నోవహుది. ఆయన చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఆయనకు తాతగారు జాబేజ్ నుంచి వచ్చింది. జాబేజ్ గారు ఒక దొర దగ్గర వంట చేసేవారు. ఆ దొర ఓడెక్కే రోజున, ఇంక ఈ కోడికూర లేకుండా ఎలా బతకాలని ఏడ్చి, చేతికందిన వస్తువు ఇచ్చి వెళ్లిపోయాడట. దొర కూరిన మందూ గుండూ ఇప్పటికీ అందులోనే ఉన్నాయి. మూడు తరాలుగా ఎవరూ పేల్చలేదు. శనివారం సాయంత్రం నోవహు దాన్ని ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాసేవాడు. "పేలిస్తే ఒక్క చణమే. పేల్చకపోతే ఎన్నాళ్లయినా ఉంటాది," అనేవాడు. ఆయన బొటనవేలు ఆని ఆని చెక్క పిడి మీద ఒకచోట చిన్న గుంట పడింది. ఆయన పోయాక నూనె నేనే రాస్తున్నాను. నా బొటనవేలు ఆ గుంటలో సరిగ్గా కూర్చుంటుంది.

లైసెన్సు ఉన్న ఆయుధాన్ని ఎన్నికలు వస్తే పోలీసు స్టేషనులో అప్పగించాలి. ఫలితాలయ్యాక తెచ్చుకోవాలి. అసెంబ్లీ అయినా పంచాయతీ అయినా సరే, నేను దాన్ని పాత తువ్వాలులో చుట్టి, ఆటోలో తీసుకెళ్లి, 'నోవహు తరఫున ఏసుమణి' అని సంతకం పెట్టి అప్పగించి వస్తాను. అది ఇంటికొచ్చేదాకా నాకు అన్నం సహించదు. ఎవరినైనా ఒకచోట అప్పగించి ఇంటికొస్తే, వాళ్లు మళ్లీ తిరిగి రాకపోవడం నాకు అనుభవమే.

ఈసారి ఓట్ల లెక్కింపు అయిపోయింది, గెలిచినవారి ఊరేగింపూ అయిపోయింది, పిస్తోలు మాత్రం ఇవ్వలేదు. "సోమవారం రామ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పరదేశి. ఆరు సోమవారాలు వెళ్లాను. ఏడో సోమవారం ఎమ్మెల్యే గారికి అర్జీ పెట్టుకున్నాను. అక్కడే పొరపాటు జరిగింది.

వారు నా అర్జీ మొత్తం చదివారు. అర్జీ చదివే ఎమ్మెల్యేను చూడడం అదే మొదటిసారి కాబట్టి నేను చేతులు జోడించే ఉన్నాను.

"ఇది పేలతాదేటి?" అని అడిగారు.

"ఎప్పుడూ పేల్చలేదు బాబూ."

"మీ తాత ఏటి సేసీవోడు?"

"మా ఇంటాయన తాత బాబూ. దొర దగ్గర వంట."

పక్కన రాసుకుంటున్న పి.ఎ. కామేశం కలం ఆపాడు. "వంట బాగోదు సార్."

"అయితే దొర దగ్గర లాక్కున్నాడు. ఏమ్మా, లాక్కున్నాడు కదా?"

"కోడికూర బాగుందని ఇచ్చేడు బాబూ."

"కోడికూరెట్టి, దొర ఏమరుపాటు మీదున్నప్పుడు లాక్కున్నాడు. రాసీ కామేశం."

ఆ విధంగా మా వంటాయన రెండు నిమిషాల్లో స్వాతంత్ర్య సమరయోధుడయ్యాడు. పింఛను కోసం ఏళ్ల తరబడి తిరిగిన అసలు యోధులు ఎవరైనా బతికి ఉంటే, ఈ ప్రభుత్వ వేగం చూసి సంతోషించేవారు.

ఆ సాయంత్రమే వారు మైకులో ఆ గొప్ప ప్రకటన చేశారు. మర్నాడే మాజీ ఎమ్మెల్యే శరత్‌చంద్ర గారు స్టేషను ముందు నిరాహార దీక్షకు కూర్చున్నారు. టిఫినుకూ భోజనానికీ మధ్య వారు కఠినంగా ఉపవాసం ఉన్నారు. "అది మన వారసత్వం. పేల్చితే చరిత్రని పేల్చినట్టే. అద్దాల పెట్టిలో దాయాలి!" అని కన్నీరు పెట్టుకున్నారు.

ఊరు రెండుగా చీలింది. బుచ్చయ్యపేట బస్సులో కండక్టరు టిక్కెట్టు కొట్టేముందు "పేల్చా, దాచా?" అని అడిగి, దాన్నిబట్టి ముందు సీటో వెనక సీటో చూపించేవాడు. మా చర్చిలో పాట బృందం కూడా చీలిపోయి, ఒక ఆదివారం ఒకే కీర్తన రెండు శ్రుతుల్లో పాడింది. ఏమాటకామాటే, ఎప్పటికన్నా బాగుంది.

ఇంతలో ఎమ్మెల్యే గారికి పైనుంచి ఫోను వచ్చింది. వారి పార్టీ ఆ నెలను వారసత్వ మాసంగా ప్రకటించింది. పది నిమిషాల్లో వారు బయటికొచ్చి, "పిస్తోలును ప్రాణమిచ్చైనా దాస్తాం," అన్నారు. మరో పది నిమిషాల్లో శరత్‌చంద్ర గారు దీక్ష విరమించి, "పిరికోళ్లు! దమ్ముంటే పేల్చండి!" అని కొత్త దీక్ష మొదలుపెట్టారు.

ఫ్లెక్సీలు అప్పటికే కట్టేసి ఉన్నాయి. రెండు పార్టీల కార్యకర్తలూ నాలుగు రోడ్ల దగ్గర కలుసుకున్నారు.

"మీ 'దాచు' ఇటిచ్చీండన్నా. మా 'పేల్చు' మీరట్టికెళ్లండి."

"మొకాలో?"

"మొకాలు మార్చి అతికించీడమే."

మధ్యాహ్నానికి పని పూర్తయింది. ఇంత సామరస్యం నా జీవితంలో చూడలేదు. ఆ ఊపులో నేనూ ధైర్యం చేసి ఇద్దరు నాయకులనూ కలిసి, "పేల్చొద్దు బాబూ, దాయొద్దు. నాకిచ్చీండి," అన్నాను. మూడో అభిప్రాయం ఇప్పుడొస్తే ప్రజలు గందరగోళపడతారని ఇద్దరూ ఒకే మాటగా చెప్పారు.

చివరికి అఖిలపక్ష సమావేశంలో రాజీ కుదిరింది. ముందు పేల్చాలి, తరవాత దాయాలి. విశాఖపట్నం నుంచి ఒక తుపాకుల నిపుణుణ్ని పిలిపించారు. ఆయన గొట్టంలోకి టార్చి వేసి చూసి, పిస్తోలును పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బల్లమీద పడుకోబెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"మందు బాగా పాతది సార్. పేలితే ముందుకి పేల్తాదో ఎనక్కి పేల్తాదో సెప్పలేను."

సభలో అందరూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. తరవాత ఎమ్మెల్యే గారు లేచారు. "ఈ గౌరవం ప్రతిపక్షానికి ఇచ్చేస్తన్నాను."

"అయ్యో, శాసనసభ్యులుండగా నేనేటి?" అన్నారు శరత్‌చంద్ర గారు.

"మీరు వయసులో పెద్దోరు."

"మిమ్మల్ని ప్రజలెన్నుకున్నారు."

"అదేదో తప్పయిపోయినట్టు మాటాడతారేటండీ!"

ఇలా అరగంట గౌరవించుకున్నాక కామేశం గొంతు సవరించుకున్నాడు. "సార్, మహిళా సాధికారత."

అందరూ నావైపు తిరిగారు.

పదిహేనో తేదీ ఉదయం నా ఫొటోతో ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. అంత పెద్దదానిలో నా కళ్లలో భయం బాగా పడింది. కింద 'ఉత్తరాంధ్ర వీరనారి' అని రాశారు. గీత దగ్గర రెండు వేల మంది నిలబడ్డారు. నాయకులిద్దరూ నాకు ఇరవై గజాల దూరంలో, మైకు పెట్టిన టీ బల్ల వెనక నిలబడ్డారు. పరదేశి పిస్తోలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అయిదు నెలల తరవాత పట్టుకున్నాను. నూనె లేక పిడి గరుకెక్కింది. నా బొటనవేలు గుంట వెతుక్కుని వెళ్లి కూర్చుంది.

"ఒకటి," అన్నాడు కామేశం.

దీన్ని పేలిస్తే నాకింక దాయడానికి ఏమీ ఉండదు అనుకున్నాను.

"రెండు."

ఆటో ఏదైనా దగ్గర్లో ఉందా అని చూశాను.

"మూడు!"

నేను దాన్ని గుండెకు హత్తుకుని నిలబడిపోయాను.

ఢామ్మని మోత. పాత మందు కదా, పేలకపోతే పరువు పోతుందని కామేశం ముందుచూపుతో వేదిక వెనక టపాకాయల దండ కట్టించి, 'మూడు' అనగానే అంటించమన్నాడు. రెండు వేల మంది గోవాడ వైపు పరుగెత్తారు. నాయకులిద్దరూ టీ బల్ల కిందకు వెళ్లారు. బల్ల చిన్నది.

"జరగండి!"

"నేను ముందొచ్చేను, మీరు జరగండి!"

మైకు బల్లమీదే ఉండడం వల్ల ఆ సంభాషణ ఊరంతా స్పష్టంగా వినిపించింది. సాయంత్రానికి ఆ వీడియో చీడికాడ కొండల్లో సిగ్నలు అందే చోటల్లా చేరింది.

రాజకీయాల్లో అనుభవం అంటే ఏమిటో నేను ఆ రాత్రి వార్తల్లో తెలుసుకున్నాను. ఊరికే బల్ల కింద దూరితే పిరికితనం. హత్యాయత్నం జరిగితే చాకచక్యం. కాబట్టి హత్యాయత్నం జరిగింది. గురి తన మీదేనని ఎమ్మెల్యే గారు అన్నారు. కాదు, తన మీదేనని శరత్‌చంద్ర గారు పట్టుబట్టారు. ఎమ్మెల్యే గారికి గన్‌మెన్లు ఇద్దరి నుంచి నలుగురయ్యారు. శరత్‌చంద్ర గారికి కొత్తగా ఇద్దరు వచ్చారు. పిస్తోలును తెల్లగుడ్డలో కట్టి లక్క ముద్ర వేశారు. కేసు తేలేదాకా దాన్ని పేల్చకూడదు, భద్రంగా దాయాలి. ఇంతకాలం ఊరిని వేధించిన సమస్య అలా పరిష్కారమైంది.

మర్నాడు పరదేశి కాగితాలతో మా ఇంటికొచ్చాడు.

"భయపడకమ్మా, కేసు నీమీద కాదు. వీరనారని ఫ్లెక్సీ ఏసేరు కదా, నీమీదెడితే బాగోదు. లైసెన్సు ఎవరిదో ఆయన మీదెట్టేరు."

"మా ఇంటాయన మీదా? ఆయన పోయేడు కదా బాబూ! భూస్థాపనకి నువ్వూ వచ్చేవు."

"వచ్చేను. ఏడిసేను కూడా. కానీ రికార్డులో పోలేదమ్మా. మొన్న మార్చిలో కూడా పిస్తోలు అప్పగించేడు."

"నేనప్పగించేను."

"ఆయన తరఫున. మనిషి లేందే తరఫెక్కడిది? మా రిజిస్టరు అలాగే ఉన్నాది." అతను కాగితం మీదకు వంగాడు. "ముద్దాయి నోవహు. పరారీలో ఉన్నాడు అని రాస్తన్నాను. ఇంకొక్క గడే మిగిలింది. తిరిగొచ్చే అవకాశం ఉన్నాదా?"

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు కూడా అడగలేదు. ప్రభుత్వం అడిగింది.

"ఉన్నాది," అన్నాను. "మా విశ్వాసమదే బాబూ."

'ఉన్నదని భార్య తెలియజేసినది' అని పరదేశి రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

పైవారు ఆ మాటను చాలా తీవ్రంగా తీసుకున్నారు. నోవహు వస్తే పట్టుకోవడానికి మా గేటు దగ్గర కాపలా పెట్టారు. మనిషిని గుర్తుపట్టగలడని ఆ డ్యూటీ పరదేశికే వేశారు. పొద్దున్నే వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. నేను టీ ఇస్తాను. రెండో రోజు నుంచి నేనూ ఒక కుర్చీ తెచ్చుకుని పక్కన వేసుకున్నాను. పెద్దగా ఏమీ మాట్లాడుకోం. ఇద్దరం రోడ్డు వైపే చూస్తుంటాం.

నిన్న సాయంత్రం మలుపు దగ్గర ఎవరిదో తెల్లచొక్కా కనిపించింది. పరదేశి లేచి టోపీ పెట్టుకున్నాడు. నేను లేచి కొంగు సర్దుకున్నాను.