ఎడమ మలుపులో టకటక

ఆ ఉదయం ఉన్నది ఒక్కటే పని. కంటి ఆపరేషన్ అయిన మామగారిని పది గంటలకల్లా ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు విప్పించాలి. "దారిలో ఎక్కడా ఆగకండి. ఎవరితోనూ తగువు పెట్టుకోకండి" అని భార్య గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. ఆ రెండో మాట ఎందుకు చెప్పినట్టా అని ఆయన ఆమె వంక అనుమానంగా చూస్తూనే కారెక్కారు.

ఆయన ఒక బీమా కంపెనీలో ప్రమాదాల క్లెయిములు తనిఖీ చేస్తారు. కారు గుంటలో పడిందంటే, గుంట అంతకుముందు ఎక్కడుండేదని అడిగే రకం. ఆఫీసులో ఆయనకు 'భూతద్దం' అని పేరు.

వీధి చివర ఎడమకు తిప్పగానే ముందు చక్రం దగ్గర టకటకమంది. తిన్నగా పోతే చప్పుడు లేదు. మళ్లీ తిప్పితే మళ్లీ టకటక. పద్దెనిమిదేళ్ల కారు, ఏదో అరిగి ఉంటుందని ఇంకొకరైతే సరిపెట్టుకునేవారు. భూతద్దం గారికి మాత్రం చటుక్కున బావమరిది గుర్తొచ్చాడు. పోయిన గురువారం కారు అడిగి తీసుకున్నాడు. పైగా, కడిగి మరీ తిరిగిచ్చాడు.

"ఏ తప్పూ చెయ్యనివాడు కారెందుకు కడుగుతాడు?" అనేశారు పైకే.

"ఏంటల్లుడూ?" అన్నారు వెనక సీట్లోంచి మామగారు. ఆయనకు ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర.

"ఏం లేదు మామయ్యగారూ, మీరు కూర్చోండి."

పక్కనే ఖాళీ మైదానం కనిపించింది. టైమింకా తొమ్మిదే. చప్పుడు సంగతి తేల్చేస్తే బావమరిదిని సాక్ష్యంతో సహా నిలదీయొచ్చు. స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పి, తల కిటికీలోంచి బయటపెట్టి, చెవి చక్రానికి అప్పగించి, కారును గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టారు.

పన్నెండో చుట్టులో మామగారు అడిగారు. "ఇంకా ఎంత దూరం?"

"వచ్చేశాం."

"ఆసుపత్రి మన ఇంటికి పది నిమిషాలే కదయ్యా?"

"మాట్లాడకండి మామయ్యగారూ, వినపడట్లేదు!"

మామగారు మెల్లగా ఫోను తీసి, తడుముకుంటూ కొడుకుకు కొట్టారు. "ఒరేయ్, మీ బావ నన్నెక్కడికో తీసుకుపోతున్నాడురా. అరగంట నుంచీ పోతూనే ఉన్నాం. రోడ్డు కూడా లేదు, దుమ్ము వాసనొస్తోంది. అడిగితే నోరు ముయ్యమంటున్నాడు."

కొడుకు స్కూటరు మీద ఆసుపత్రి దారి పట్టాడు. మైదానం పక్కకు వచ్చేసరికి బావగారి కారు గానుగెద్దులా తిరుగుతూ కనిపించింది. వాణ్ని చూడగానే భూతద్దం గారి కళ్లు మెరిశాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటూ తనే వచ్చేశాడు!

"బావా, నాన్నని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"నువ్వు నా కారుని ఎక్కడికి తీసుకెళ్లావో ముందు చెప్పు."

"స్టేషన్‌కి!"

"స్టేషన్‌కెళ్లిన కారుని కడగడమెందుకు?"

"పిట్టలు రెట్టలేశాయి బావా!"

"ఎన్ని పిట్టలు?"

బావమరిది వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి తడబడ్డాడు. ఆ తడబాటును మనసులో నమోదు చేసుకుని, "ఈ చప్పుడు వింటే నువ్వే ఒప్పుకుంటావ్" అని భూతద్దం గారు స్టీరింగు మెలితిప్పి యాక్సిలరేటరు బలంగా తొక్కారు. ఠప్పుమంది. ఇంజను గర్జించింది కానీ కారు అంగుళం కదల్లేదు.

"వచ్చేశామా?" అన్నారు మామగారు.

తాడు కట్టించి కారును మెకానిక్ షెడ్డుకు చేర్చారు. ఎప్పుడూ ఆ కారు చూసే మెకానికే. చక్రం విప్పి చూశాడు. "యాక్సిల్ జాయింటు విరిగిపోయింది సార్. దీని మీద బూటని ఒక రబ్బరు తొడుగుంటుంది. అది తెగితే గ్రీజంతా కారిపోయి ఇసుక దూరుతుంది. ఇంక లోపలి గోళీలు ఎన్నాళ్లాగుతాయి?"

భూతద్దం గారు వంగి చూశారు. "ఇది తెగలేదు. కోశారు. స్కేలు పెట్టి గీసినట్టు కోసి, పైన నల్ల టేపు చుట్టారు. ఎవరూ ఇక్కణ్నుంచి కదలద్దు." బావమరిదిని చూశారు, మెకానిక్‌ని చూశారు, చివరికి మామగారిని కూడా వదల్లేదు. తమ్ముడి నిర్వాకం అక్క చెవిన కూడా పడాలని భార్యకు ఫోను చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టారు.

అంతా విని ఆవిడ, "రబ్బరు కోసి టేపు చుట్టారా?" అంది. "పోయినేడు సర్వీసింగ్ నుంచి రాగానే, గ్రీజు నిజంగా పెట్టాడో లేదో చూస్తానని నా కూరల కత్తి పట్టుకుని కారు కిందకి దూరిందెవరండీ?"

భూతద్దం గారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంతకీ నాన్న కట్టు విప్పారా?" అంది ఫోను.

"పెట్టాను సార్, గ్రీజు," అన్నాడు మెకానిక్ మెల్లగా.

ఆసుపత్రివాళ్లు దయతలచి సాయంత్రం నాలుగింటికి రమ్మన్నారు. భూతద్దం గారు బావమరిదికి క్షమాపణ చెప్పబోయి, మంచినీళ్ల గ్లాసు అందించారు. కొత్త జాయింటు బిగించి, కొత్త బూటు తొడిగినంతసేపూ బావమరిది ఆయన పక్కనే కూర్చున్నాడు, రెండు చేతులూ కనిపించేలా.