నలభై అయిదు రోజుల లైవ్

“ఇవాళ్టి నుంచి ఏ వీధి కుళాయిలో నీళ్లు రాకపోయినా నా గోడ మీద క్షణంలో తెలిసిపోతుంది. మరుక్షణం ట్యాంకర్ బయల్దేరుతుంది!” అని నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించారు. నేను ఆ శాఖ ఫొటోగ్రాఫర్‌ని. కెమెరా మెడకి వదిలేసి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. మా వీధిలో నీళ్లొచ్చి తొమ్మిది రోజులైంది మరి.

మంత్రిగారి గదిలో ఒక గోడంతా తెర బిగించారు. కంప్యూటరమ్మాయి పది వరసల స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాసింది. ఎక్కడో రాజధానిలో ఉన్న సర్వర్‌ని నిమిషానికోసారి “ఏ వీధిలో నీళ్లు లేవు?” అని అడగడం, వచ్చిన జవాబు తెర మీద వేయడం, అంతే దాని పని. మంత్రిగారు మీట నొక్కారు. తెర మీద చిన్న గుండ్రం తిరిగింది. ముప్ఫై సెకన్లయ్యాక “జవాబు లేదు” అని పడింది. అయినా మంత్రిగారి చిరునవ్వు చెక్కుచెదరలేదు. ఫొటో బాగా వచ్చింది.

మధ్యాహ్నం దాకా నిమిషానికోసారి అదే పడుతుంటే, సర్వర్ చూసే అధికారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

“సర్వర్ బాగానే ఉంది సార్. కానీ మంత్రిగారంతటివారికి ఒక మిషను తిన్నగా జవాబిచ్చేస్తే ఏం మర్యాద? అందుకని మీ ప్రశ్న ప్రింటు తీయించి, ఫైలు పెట్టించి, నలుగురి సంతకాలయ్యాకే జవాబు వదలమన్నాను. ఒక్క మనవి సార్. మీ స్క్రిప్టు నిమిషానికో అర్జీ పెడుతోంది. పొద్దుట్నుంచి రెండు వందలయ్యాయి. దానికి వేరే పనేం లేదా?”

మంత్రిగారు కంప్యూటరమ్మాయి వైపు కోపంగా చూశారు. “పెద్దవాళ్లని అలా సతాయిస్తారా? ఒక్కసారే అడగమను. మర్యాదగా.”

“అడుగుతుంది సార్. కానీ ముప్ఫై సెకన్లు చూసి వదిలేస్తుంది. ఎంతసేపు ఆగమనాలి?”

“నలభై అయిదు పనిదినాలు,” అన్నాడు ఫోన్లో అధికారి.

“ఆగమను. మనకేం రైలు తప్పిపోతోందా? ఆదివారాలు లెక్కలోంచి తీసెయ్యమను.”

అమ్మాయి ముప్ఫై సెకన్లు కొట్టేసి నలభై అయిదు పనిదినాలు చేసింది. ఇంత ఓపిక గల స్క్రిప్టు ప్రపంచంలో ఇంకోటి లేదని మంత్రిగారు విలేకరులకు చెప్పారు. ఆ మాట మాత్రం ఎవరూ కాదనలేరు.

అప్పట్నుంచి గుండ్రం తిరుగుతూనే ఉంది. పక్కన ఎర్రక్షరాలతో “లైవ్” అని. వేరే శాఖల మంత్రులు పనిగట్టుకొచ్చి, “ఎక్కడా ఆగకుండా ఎంత చక్కగా తిరుగుతోందో!” అని మెచ్చుకుని వెళ్లారు. ఇంట్లో మా ఆవిడ మూడు వీధుల అవతల నుంచి బిందెలు మోసి మోసి నడుం పట్టేసి మంచమెక్కేది. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. “జవాబు దారిలో ఉందే” అని ధైర్యం చెప్పేవాణ్ణి.

నలభై అయిదో పనిదినాన పదకొండింటికి గుండ్రం ఆగింది. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. నాలుగు సంతకాలతో సహా జవాబు పడింది:

“ఏ వీధిలో నీళ్లు లేవో తెలుసుకోవడానికి మంత్రిగారి గోడ మీద చూడగలరు.”

చప్పట్లు మోగిపోయాయి. మంత్రిగారు తెర పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. నేను ఆనందం పట్టలేక ఇంటికి ఫోన్ చేశాను.

“జవాబొచ్చిందే!”

“ఏమని?”

“మంత్రిగారి గోడ మీద చూసుకోమని.”

అవతల ఖాళీ బిందె కింద పెట్టిన చప్పుడైంది.

“ఏవండీ, ఆ గోడకి కుళాయి ఉందా?” అంది.