రాస్తే పెంటియం

ఆ శుక్రవారం పొద్దున దశరథ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు వచ్చి కంప్యూటర్ సెంటర్ తాళం తీయాలి. ఉన్న ఒకే ఒక్క కొత్త కంప్యూటర్ మీద కెర్నల్ తయారుచేయాలి. దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించి, గోడవారగా బారుతీరి కూర్చున్న పాత కంప్యూటర్లను ఒక్కొక్కటిగా లేపాలి. మధ్యాహ్నానికి జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ నర్సింగమ్మ మేడం చూడటానికి వచ్చేసరికి అన్నీ వెలుగుతూ ఉండాలి. అంతే.

మేడంకు నచ్చితే కాలేజీ పిల్లలంతా ఈ సెంటర్‌కే వస్తారు. నచ్చకపోతే సెంటర్ మూతపడుతుంది. మూతపడితే దశరథ మహారాష్ట్రలోని భివండికి బస్సు ఎక్కాలి. అక్కడ మేనమామ తన పవర్‌లూమ్ షెడ్డులో మేనల్లుడి కోసం ఒక సాంచా, అంటే మరమగ్గం, ఖాళీగా ఉంచి, ఎప్పుడొస్తున్నాడని వారం వారం కబురు పెడుతున్నాడు. పుట్టపాకలో మగ్గం నేసే బాపు కూడా “డిగ్రీల లెక్కలు సదివినవు, నౌకరీ లేకపోతే గా లెక్కలు భివండిల పనికొస్తయి తియ్యి” అని తేల్చేశాడు. అందుకే నాలుగు రోజులుగా దశరథకు అన్నం సయించడం లేదు.

నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గర, వెంకటరాజం బట్టల దుకాణం పైన ఉంది ఆ సెంటర్. పెట్టినవాడు మెహమూద్ సాబ్. ఒక తహశీల్ ఆఫీసులో ఉద్యోగమంతా చేసి, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో, కాలం మారుతోందని విని పెట్టాడు. కంప్యూటర్లు కొనడానికి హైదరాబాద్ వెళ్లినప్పుడు, ఎవరూ ముట్టని పాత 386 రకాన్ని చూపించి “గివి కొందాం సాబ్, అగ్గువకు వస్తయి. లినక్స్ ఏస్తే మంచిగ నడుస్తయి. జిమ్మేదారి నాది” అని మాటిచ్చింది దశరథే. మాట ఇవ్వడం తేలిక. ఇప్పుడు ఆ మాట అతని మెడకు చుట్టుకుని ఉంది.

దశరథ తాళం తీసి కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నాడో లేదో, మెట్ల మీద అత్తరు వాసన, దాని వెనకే మెహమూద్ సాబ్ వచ్చాడు. కొత్త షేర్వానీ, కళ్లకు సుర్మా. రోజూ వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి, ఆ రోజు కుర్చీ లాక్కుని సరాసరి దశరథ పక్కన కూర్చున్నాడు.

“ఏం జేస్తున్నవ్ బేటా?”

“కెర్నల్ కుట్టిస్తున్న సాబ్. కంప్యూటర్ను నిద్ర లేపి పనిల వెట్టేది గదే. సీడీ తోని వచ్చింది రెడీమేడుది, శానా లావున్నది. మన పాత మిషన్లల్ల పట్టదు. కొలతలు చెప్పి కుట్టించుకోవాలె. గీ ప్రశ్నలన్ని గా కొలతలే.”

“జర వదులు కుట్టించు. ఎదిగే పిల్లలకు గట్లనే కుట్టిస్తం.”

“కంప్యూటర్లు ఎదగవు సాబ్.”

“పొద్దుపొద్దున గట్లనొద్దు.”

తెర మీద ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ప్రతిదానికీ అవుననో కాదనో కొట్టాలి. మెహమూద్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగాడు. చింత చచ్చినా పులుపు చావదంటారు. నింపాల్సిన గడులు కనబడేసరికి రిటైరైన మనిషిలో పాత ఉద్యోగి లేచి కూర్చున్నాడు.

“గిదేమడుగుతాంది?”

“లెక్కల చిప్పు లేని కంప్యూటరైతే, దాని బదులు నేను లెక్కలు చేసి పెట్టాల్నా అని కెర్నల్ అడుగుతాంది. మనయాటికి గా చిప్పు లేదు సాబ్. అవునని కొడ్తున్న.”

మెహమూద్ సాబ్ అతని చెయ్యి పట్టుకున్నాడు. “ఆగాగు! మా మిషన్లకు లెక్కలు రావని నీ చేత్తోని నువ్వే రాసిస్తవా? రేపు ఎవడన్న తీసి చూస్తె? కంప్యూటర్ ఇస్కూలుకే లెక్కలు రావంట అని ఊరంత నవ్వదా? కాదని కొట్టు.”

“సాబ్, అట్ల కాదు...”

“కొట్టు.”

దశరథ కొట్టాడు. జీతమిచ్చే మనిషి చెయ్యి పట్టుకుని ఉండగా కాదనే ధైర్యం అతనికి పుట్టుకతోనే లేదు. ఈయన చాయ్‌కి కిందికి దిగగానే మళ్లీ దిద్దుకోవచ్చులే అనుకున్నాడు.

ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ప్రాసెసర్ ఏ రకం? 386, 486, పెంటియం, ఇంకా పైది. ఆ వరుస చూడగానే మెహమూద్ సాబ్ ముఖం విప్పారింది.

“పెంటియం రాయి!”

“సాబ్, మనయి 386లు. ఏ రకానికి కుట్టిస్తే గా రకానికే సరిపోతది. పెంటియం అని రాస్తే గియి లేవనే లేవవు.”

“బేటా, నీకు డిగ్రీ ఉన్నది గని దునియా తెల్వది. నేను పుట్టింది చలికాలంల. కుంపటి పక్కన పండుకోబెట్టిన్నని మా అమ్మీ చచ్చేదాక చెప్పింది. బడిల పంతులు జులై ఒకటి అని రాసిండు. సర్కారు ఏది పట్టుకొని రిటైర్ చేసింది? కుంపటినా, జులై ఒకటినా? రాసిందే ఖరారు. అడగంగనే 386 అని చెప్పుకునుడేంది, మనకు మనమే తక్కువ చేసుకున్నట్టు? రాయి పెంటియం.”

దశరథ పెంటియం అని రాశాడు. మెహమూద్ సాబ్ చాయ్‌కి కిందికి దిగలేదు. చాయ్‌నే పైకి తెప్పించుకున్నాడు. కెర్నల్ తయారయ్యే దాకా, తెర మీద అక్షరాలు పరుగెడుతుంటే పెళ్లి ఊరేగింపు చూసినంత సంతోషంగా చూస్తూ అక్కడే ఉన్నాడు. దశరథకు మాత్రం ఆ పరిగెత్తే ప్రతి వరుసా భివండి వైపు పోతున్నట్టే ఉంది.

ఫ్లాపీ మొదటి పాత కంప్యూటర్‌లో పెట్టారు. అది గురగురమంది, నాలుగు వరుసలు రాసింది, చివర్న “గివింగ్ అప్” అని రాసి ఊరుకుంది. రెండోదీ అదే మాట. మూడోదీ అంతే.

“ఏమంటున్నది?”

“చేతులెత్తేసిన అంటున్నది సాబ్.” దశరథ ఫ్లాపీ బయటికి తీశాడు. “నేను చెప్పిన గద, మనం రాసింది...”

మెహమూద్ సాబ్ ఒక్క క్షణం ఆలోచించాడు. “కరెంటు సాలుతలేదు” అన్నాడు.

“కరెంటు కాదు సాబ్!”

“ఎట్ల గాదు? నిన్నటిదాక 386లు, గా కరెంటు సరిపోయింది. ఇయాల పెంటియంలు అయినయి. తిండి ఎక్కువ కావాలె గద!” అంటూ కిటికీ దగ్గరికి నడిచాడు. ఎదురుగా హోటల్లో లైన్‌మన్ ఐలేశం చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. “ఓ ఐలేశం! జర పైకి రా. మా పెంటియంలకు పెద్ద కరెంటు కావాలె!”

ఐలేశం వచ్చాడు, మీటర్ల దగ్గర తీగలు అటు పీకి ఇటు పెట్టాడు. పైన ట్యూబులైట్లు మునుపటికంటే తెల్లగా వెలిగాయి. కంప్యూటర్లు మాత్రం మునుపటిలాగే చేతులెత్తేశాయి. అయితే కింద వెంకటరాజం దుకాణంలో ఫ్యాన్లూ లైట్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. వెంకటరాజం టేపు మెడలో వేసుకునే పైకి పరుగెత్తుకొచ్చాడు.

“మెహమూద్ సాబ్! గిదేం పద్ధతి? పెండ్లోల్లు పట్టుచీరె చూస్తుంటె చీకటైంది. నీలమో ఆకుపచ్చో తెలుస్తలేదని లేచిపోతున్నరు!”

“జర ఓర్సుకో రాజం. పైన పెంటియంలున్నయి.”

“గవేంది?”

ఐలేశానికి కూడా తెలియదు. కానీ కరెంటు డిపార్టుమెంటు మనిషి తెలియదనకూడదు. “హెవీ లోడు” అన్నాడు గంభీరంగా.

వెంకటరాజం ఆ మాట కింద పెండ్లివాళ్లకు చెప్పాడు. పెండ్లివాళ్లు హోటల్లో చెప్పారు. హోటల్ నుంచి అది వెనక సందులో పిండి గిర్ని దాకా వెళ్లేసరికి, పైన ఏవో మిషన్లున్నాయనీ, ఇంకా సగం నిద్రలోనే ఉన్నాయనీ, పూర్తిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుందనీ అయింది. గిర్ని నడిపే భద్రమ్మ తల నుంచి కాళ్ల దాకా జొన్నపిండితో మెట్లెక్కి వచ్చింది.

“ఎవడు లేపుతున్నడు గవ్విటిని? పండుకున్నయాటిని పండుకోనియ్యరాదు? ట్రాన్స్‌ఫార్మర్ పేలితే నా గిర్ని ఎవలు నడుపుతరు, మీ తాత నడుపుతడా?”

అందరి చూపులూ దశరథ వైపు తిరిగాయి. చేతిలో ఫ్లాపీ ఉన్నది అతనికే మరి. “అవ్వా, అవి లేస్తనే లేవు” అని మొత్తుకున్నాడు పాపం. నిజమే చెప్పాడు కానీ నమ్మిన నాథుడు లేడు.

ఐలేశానికి మెల్లగా భయం పట్టుకుంది. తీగలు మార్చడానికి అతనికి ఎవరి హుకుమూ లేదు. పైవాళ్లకు తెలిస్తే తన నౌకరీకే ఎసరు. చప్పుడు చేయకుండా కిందికి దిగి, స్తంభం ఎక్కి, బిల్డింగు మొత్తానికి ఫ్యూజు పీకేశాడు. “పెద్ద సార్ వచ్చి చూసేదాక ఎవ్వలకు కరెంటు లేదు!” అని స్తంభం మీది నుంచే అరిచి, దిగితే తంతారేమోనని అక్కడే ఉండిపోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనని దశరథకు అర్థమైంది. తెరలన్నీ నల్లబడ్డాయి. మెట్ల మీద వెంకటరాజం, భద్రమ్మ, ఇద్దరు ముగ్గురు పెండ్లివాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు.

సరిగ్గా ఆ అరుపుల మధ్య నుంచి, గొడుగుతో దారి చేసుకుంటూ నర్సింగమ్మ మేడం వచ్చారు.

“ఇదేనా కంప్యూటర్ సెంటరు? ఇంత చీకటేంది?”

“రండి మేడం, రండి!” మెహమూద్ సాబ్ రుమాలుతో కుర్చీ తుడిచాడు. “కరెంటు ఒక్కటే తక్కువైంది, ఇంకేం తక్కువ లేదు. అన్ని పెంటియంలే మేడం. ఒక్కటి తక్కువ రకం లేదు.”

మేడం చీకట్లో కంప్యూటర్ల వైపు చూశారు. ముఖంలో ఉత్సాహమేదైనా ఉంటే అది అక్కడితో ఆరిపోయింది. “ఇవి కూడ పెంటియంలేనా?” అని నిట్టూర్చి, దశరథ వైపు తిరిగారు. “నువ్వేనా చెప్పే సారువు? నడుస్తయా ఇవి?”

దశరథ నోరు తెరిచాడు. నడుస్తయి మేడం, కరెంటు రాంగనే నడుస్తయి అంటే ఇవాళ్టికి గట్టెక్కుతాడు. పక్కన మెహమూద్ సాబ్ అదే అనమని మోచేత్తో పొడుస్తున్నాడు. కానీ రేపు? పిల్లలు కట్టిన ఫీజు పట్టుకుని, జిమ్మేదారి నాదన్న ఇంకో మాట మెడకు చుట్టుకుని, మళ్లీ ఇదే గదిలో నిలబడాలి. అతనికి ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. భివండే నయమనిపించింది.

“నడువయి మేడం” అన్నాడు. “ఇవి పెంటియంలు గావు. పాత 386లు. పెంటియం అని నేనే రాసిన. అందుకే లేస్తలేవు. కరెంటుది ఏం తప్పు లేదు.”

మెహమూద్ సాబ్ నెత్తి మీది టోపీ సవరించుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

మేడం గొడుగు కింద పెట్టారు. “386లా? నిజంగనా?”

“నిజమే మేడం.”

“నడిపించగలవా?”

“సరిగ్గ రాస్తే నడుస్తయి మేడం. కరెంటు కావాలె.”

“అయ్యో, మా కాలేజీల గది నిండ అవే ఉన్నయి నాయినా! ఎవరో దాతలు ఇచ్చి పోయిండ్రు. ఎవర్ని అడిగినా తుక్కు కింద అమ్ముకోండి అంటరు. ఏ సెంటరుకు పోయినా పెంటియం పెంటియం అనుడే. ఇక్కడ కూడ అదే మాట వినపడేసరికి వెనక్కి పోదామనుకున్న. వీటిని నడిపించేటోని కోసమే తిరుగుతున్న నేను!” అని, కిటికీ దగ్గరికి వెళ్లి స్తంభం వైపు చూశారు. “ఎవరది, ఐలేశమా?”

స్తంభం మీద ఐలేశం బీడీ పారేశాడు. “నమస్తే మేడం.”

“ఇంటర్ల నీకు లెక్కలు ఎవరు చెప్పిండ్రు?”

“మీరే మేడం.”

“ఫ్యూజు పెట్టు.”

ఫ్యూజు పడింది. కింద ఫ్యాన్లు తిరిగాయి. చీర ఆకుపచ్చదని తేలింది. భద్రమ్మ గొణుక్కుంటూ గిర్నికి వెళ్లింది. దశరథ కుర్చీలో కూర్చుని మళ్లీ మొదటి నుంచి జవాబులు కొట్టాడు. లెక్కలు చేసి పెట్టాలా? పెట్టాలి. ఏ రకం? 386. ఈసారి అతని చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. కెర్నల్ తయారయ్యేసరికి మేడం రెండు చాయ్‌లు తాగారు. అతను మాత్రం నీళ్లు కూడా ముట్టలేదు.

ఫ్లాపీ పెట్టి మీట నొక్కాడు. పాత కంప్యూటర్ గురగురమంది, నాలుగు వరుసలు రాసింది, ఆగలేదు. ఇంకా రాసింది. తెర నిండా రాసి, చివరికి పేరు చెప్పమని అడిగింది. దశరథకు కళ్లు చెమ్మగిల్లాయి. పక్కదీ లేచింది, దాని పక్కదీ లేచింది.

“సోమవారం నుంచి పిల్లల్ని పంపిస్త. పొద్దున పూట నువ్వు మా కాలేజీకి వచ్చి అక్కడియి లేపాలె” అన్నారు మేడం. “ఇంతకు, ఇందాక పెంటియం అని ఎందుకు రాసినవ్?”

దశరథ జవాబు చెప్పబోయేలోపే మెహమూద్ సాబ్ ముందుకు వచ్చాడు. “చిన్నోడు మేడం, ఉత్సాహంల ఏకంగ పెద్ద రకం రాసిండు. ఉన్నదే రాయాలె బేటా అని చెప్పి దిద్దిచ్చిన.”

మేడం మెచ్చుకోలుగా తల ఊపి, గొడుగు అందుకుని, దశరథ భుజం తట్టారు. “అనుభవమున్న మనిషి. ఆయన దగ్గర జర నేర్చుకో నాయినా.”

“నేర్చుకుంటున్న మేడం” అన్నాడు దశరథ.