స్పీడోమీటరుకు అరవై నాలుగు రంగులు

కారు మీటర్లకు రంగులు మార్చుకునే సౌకర్యం కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు ఊరూరా పాలాభిషేకాలు చేయాలి!

చక్రం కనిపెట్టినవాడు మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చాడు. అదేం గొప్ప? మనిషిని ఉన్నచోటే కూర్చోబెట్టి, గంటల తరబడి ఆనందపెట్టేవాడు కదా అసలైన గొప్పవాడు!

నమ్మరా? అయితే ఖతార్‌లోని మెసయీద్ వెళ్ళి సైలస్‌ను చూడండి.

సైలస్‌ది రాజోలు. మెసయీద్‌లోని ఎరువుల ఫ్యాక్టరీలో కంట్రోల్ రూము ఆపరేటరు. పదిహేడేళ్ళుగా, రోజుకు పన్నెండు గంటలు మీటర్లు చూడటమే అతని ఉద్యోగం. పచ్చగా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. పసుపురంగులోకి మారితే ఎక్కడో తేడా కొట్టినట్టు. ఎరుపెక్కితే పరిగెత్తమన్నట్టు. ఆ రంగుల్ని ఎవరో, ఎక్కడో, ఎప్పుడో నిర్ణయించేశారు. వాటిలో ఒక్కదాన్ని కూడా తన ఇష్టప్రకారం మార్చే హక్కు సైలస్‌కు లేదు. మార్చాడా, మర్నాడే విమానం ఎక్కించి పంపేస్తారు.

పోనీ ఇంట్లో? క్వార్టర్సు గోడల రంగు కంపెనీది. కర్టెన్ల రంగు భార్య రెజీనాది. వారానికి ఆరు రోజులు ఒంటి మీదుండే నీలం బట్టలు మళ్ళీ కంపెనీవే. పుట్టాక ఒక్క రంగునైనా సొంతంగా ఎంచుకోకుండానే మగవాడు వెళ్ళిపోవాలా? మీరే చెప్పండి!

అందుకే ఉద్యోగం వదిలి స్వదేశం వెళ్ళిపోతున్న ఓ ఫ్రెంచి ఇంజనీరు దగ్గర రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తీసుకున్నాడు సైలస్. ఇంట్లో ఉన్న మామూలు కారును అదే వారం అమ్మేశాడు. సరిగ్గా అదే వారం రెజీనాకు ఖతార్ డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. మూడుసార్లు తప్పి, నాలుగోసారికి సాధించుకున్న లైసెన్సు అది! ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని రెజీనా అంటుంది. లేదని సైలస్ అంటాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకు లెండి.

ఇక కారు సంగతి. స్టీరింగ్ మీద చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే ముందున్న మీటర్ల రంగు మారుతుంది. ఒకటా రెండా, అరవై నాలుగు రంగులు! ‘వాల్కనో యాష్’ అంటే పొయ్యిలో బూడిద. ‘ఆర్కిటిక్ మింట్’ అంటే నిన్నటి పుదీనా పచ్చడి. అన్నిటికన్నా గొప్ప విషయమేమిటంటే, స్పీడుకో రంగు, ఇంజను చుట్లకో రంగు, వేడికో రంగు, మూడింటికీ విడివిడిగా పెట్టుకోవచ్చు. సైలస్ లెక్క వేశాడు. రోజుకో కూర్పు చొప్పున చూసుకుంటూ పోతే అన్నీ అయ్యేసరికి ఏడువందల పద్దెనిమిదేళ్ళు పడుతుంది. ఇంతకాలం తీరిక లేకుండా ఉంచే సౌకర్యం ఇంకేదైనా ఉందా భూమ్మీద?

అయితే అనుకున్నంత తేలిక కాదు. ఎరుపు పెట్టుకుని బయలుదేరితే, పదిహేడేళ్ళ అలవాటు కొద్దీ గుండె గుభేలుమని మొదటి మలుపులోనే బ్రేకు వేశాడు. పచ్చ పెట్టుకుంటే, అంతా సవ్యంగా ఉందన్న నిశ్చింతతో సిగ్నల్ దగ్గర కునుకు పట్టింది. పసుపు పెడితే సూపర్‌వైజరుకు ఫోన్ చేయాలనిపించింది. ఊదా రంగు పెట్టినరోజు, ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలంలో చర్చి బల్ల మీద పరిచే గుడ్డ గుర్తొచ్చి, చేసిన పాపాలన్నీ తలుచుకుంటూ గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో ఇల్లు చేరాడు. వెనకాల ఇరవై లారీలు హారన్లు కొడుతూ ఊరేగింపుగా వచ్చాయి!

దాంతో ప్రయోగాలన్నీ పార్కింగులోనే పెట్టుకున్నాడు. ప్లాంటు దుమ్ము పడుతుందని డ్యూటీకి కంపెనీ బస్సులోనే వెళ్ళొచ్చి, వచ్చాక కారు మీది గుడ్డ తీసి, లోపల కూర్చుని, నోటుబుక్కులో మార్కులు వేసుకునేవాడు. అదే షిఫ్టులో పనిచేసే జగిత్యాల జహాంగీర్ ఓ రోజు కిటికీలోంచి తొంగిచూశాడు.

“అన్నా, బండి తెచ్చి నెలన్నరాయె. నలభై కిలోమీటర్లు గూడ తిరగలే. ఇది బండా, టీవీనా?”

అజ్ఞాని! స్పోర్ట్స్ కారు కొన్నది తిరగడానికని అనుకున్నాడు పాపం.

ఇలా ప్రశాంతంగా సాగిపోతుండగా, ఒక శుక్రవారం, ఎప్పట్లాగే బస్సులో వెళ్ళిన దోహా చర్చిలో ఆరాధన ముగిశాక తెరెసా అనే ఆవిడ రెజీనా చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఎప్పుడూ ఒకే వరసలో కూర్చుంటారు. దోహాలోనే అల్ హిలాల్ అనే పేటలో తాను పనిచేసే చిన్నపిల్లల బడిలో ఒక టీచరు మానేసిందట. ఆదివారం ఉదయం ఏడింటికల్లా వచ్చి చేరేవాళ్ళు కావాలట. రాకపోతే ఇంకొకరిని పెట్టేసుకుంటారట.

పెళ్ళికి ముందు రెజీనా రాజోలులో ఆరేళ్ళు పాఠాలు చెప్పింది. ఖతార్ వచ్చాక పదకొండేళ్ళుగా ఇంట్లోనే ఉంది. ఆ మాట వినగానే ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మెసయీద్ నుంచి ఆ వేళకు అల్ హిలాల్ చేర్చే బస్సు లేదు. ఉన్నదల్లా గుడ్డ కప్పుకుని నీడలో పడుకున్న కారే.

“ఏవండీ, ఆదివారం నుంచి పొద్దున్నపూట బండి నాకు కావాలండి,” అంది ఇంటికి రాగానే.

“నోటెడ్,” అన్నాడు సైలస్.

ఇది కంట్రోల్ రూము విద్య. అలారం మోగితే ముందు బటన్ నొక్కాలి. మోత ఆగిపోతుంది. కారణం తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో మోతలన్నిటికీ సైలస్ ఆ ఒక్క బటనే వాడతాడు.

రెజీనా మళ్ళీ అడిగింది.

“రంగు ఫైనల్ కాకుండా ఎలా ఇస్తానే? అలవాటు లేని రంగు కంట్లో కొడితే, బండి తీసుకెళ్ళి గోడకు కొడతావు.”

“తెలుపు పెట్టేయండి, గొడవొదిలిపోద్ది.”

“తెలుపా! అరవై నాలుగు రంగులిస్తే తెలుపు పెట్టుకునేవాణ్ణి ఏమంటారు?”

అని ఊరుకోలేదు. ప్లాంటులో మిషను మరమ్మతుకు విప్పినప్పుడు, ఎవరూ పొరపాటున స్విచ్చి వేయకుండా దానికి ఎర్ర ట్యాగు తగిలిస్తారు. తగిలించినవాడు తప్ప ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. లేదంటే సంతకం పెట్టిన పర్మిట్ కాగితం చూపించాలి. సైలస్ ఆ రాత్రి డ్యూటీకి వెళ్ళి, శనివారం తెల్లారి అలాంటి ట్యాగు ఒకటి తెచ్చి, వంటింటి గోడ మేకుకున్న కారు తాళం చెవికి కట్టాడు. ‘డేంజర్. డు నాట్ ఆపరేట్. కారణం: రంగుల పరీక్ష జరుగుతున్నది.’ కింద పేరు, తేదీ. పద్ధతంటే పద్ధతే!

రెజీనాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. కాసేపటికి బజారు సామాను పట్టీ రాసుకుందామని కాగితం తీసింది. ప్లాంటులో పాతబడిన ఖాళీ పర్మిట్ పుస్తకాల్ని సైలస్ ఇంటికి తెస్తాడు. వాటి వెనకవైపు ఆమె ఉప్పూ పప్పూ రాసుకుంటుంది. ఆ రోజు మాత్రం ముందువైపు తిప్పి చూసింది. చూసి, గళ్ళన్నీ పొందికగా నింపింది.

పని: కారు నడపడం. స్థలం: మెసయీద్ నుంచి అల్ హిలాల్, రానూపోనూ. కాలం: ఆది నుంచి గురువారం వరకు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ. ప్రమాదాలు: లారీలు, ఇసుక గాలి, భర్త. ట్యాగు తొలగింపు: అవసరం.

ఆ మధ్యాహ్నం సైలస్ నోటుబుక్కు ముందేసుకుని, నలభై ఒకటో రంగుకు ఆరు మార్కులా, ఆరున్నరా అని మథనపడుతున్నాడు. రెజీనా ఆ కాగితాన్ని నోటుబుక్కు పక్కన పెట్టింది.

“ఇక్కడో సంతకం పెట్టండి.”

సైలస్ కన్ను అలవాటు కొద్దీ గళ్ళ వెంట పరుగెత్తింది. నిండాయా లేదా అన్నదే కన్నుకు తెలుసు. ఏం నిండిందో దానికి అనవసరం.

“సేఫ్టీ సామాను గడి ఖాళీగా ఉందేం?”

“కళ్ళజోడని రాశానండీ, ఆ కింద.”

“ఊఁ,” అని సంతకం గీకి, అడుగునున్న పసుపు కాపీ చింపి ఆమె చేతికిచ్చి, మళ్ళీ రంగుల్లో పడ్డాడు. ఆరున్నర వేశాడు.

ఆదివారం అతనికి సెలవు. ఎనిమిదింటికి లేచి, మెత్తటి గుడ్డ పట్టుకుని పార్కింగులోకి వెళ్ళాడు. అక్కడ సిమెంటు నేలా, దాని మీద నాలుగు మడతలు పెట్టిన కారు కవరూ ఉన్నాయి. లోపలికి పరుగెత్తాడు. తాళం చెవి లేదు. మేకుకు పసుపు కాగితం వేలాడుతోంది, కింద తన సంతకంతో సహా! ఫోన్ చేశాడు. క్షేమంగా చేరావా అని అడగాలి గదా, ఎవరైనా?

“ఏ రంగు పెట్టావే?” అన్నాడు.

“రంగా? చూళ్ళేదండి. రోడ్డు మీద బోర్డులో వంద అనుంది. మీటర్లో ముల్లు తొంభై మీదుంది. నాకదే కనపడింది.” వెనకాల పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. “ఉంటానండీ, క్లాసులో ఉన్నాను. శుక్రవారం బండి ఖాళీయే. మీకు కావాలంటే ముందురోజు పర్మిట్ రాసివ్వండి. నేను చదివి సంతకం పెడతాను.”

మీటర్లకు రంగులెందుకని ఇంకా అడుగుతారా? ఆ శనివారం సైలస్ ముందు అరవై నాలుగు రంగులు లేకపోయి ఉంటే, అతను ఆ కాగితం పూర్తిగా చదివేవాడు. చదివి ఉంటే, నాలుగుసార్లు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న పంతులమ్మ ఈ ఆదివారం కూడా వంటింట్లోనే ఉండేది.